రోబో వాక్యూమ్‌తో ఇల్లు చిమ్మడం: నెల్లూరు, ప్రకాశం ఇళ్ళ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో మా ఇంట్లో రోబో వాక్యూమ్ తిరగడం మొదలై మూడేళ్ళు దాటింది. మా అత్తయ్యకు మోకాళ్ళు అరిగి, వంగి చిమ్మడం కష్టమయ్యాక కొన్నాం. అప్పటి నుంచి ఇంటికొచ్చే చుట్టాలు, పక్కింటివాళ్ళు, నాతో పనిచేసే టీచర్లు, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఉండే మా చెల్లెలు, అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. డబ్బాలో వచ్చే పుస్తకంలోని జవాబులు మన ఇళ్ళకు సగమే సరిపోతాయి. గడపలు, ముగ్గులు, చీమకుర్తి నల్లరాయి, మల్లెపూల దారం, ఉప్పునీళ్ళ గురించి అందులో ఎవరూ రాయరు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఇది వస్తే చీపురు మానేయొచ్చా?

మానలేం. ఈ మాట ముందే తెలిస్తే డబ్బు పెట్టాక బాధ ఉండదు.

రోబో అంటే అడుగు పైచిలుకు వెడల్పు, సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి మిషను. పక్కనున్న మీసాల్లాంటి చిన్న బ్రష్ గోడ వారనున్న దుమ్మును లోపలికి తోస్తుంది. అడుగున ఉన్న పెద్ద బ్రష్ దాన్ని పైకి లేపితే, ఫ్యాను పీల్చి లోపలున్న చెత్త డబ్బాలో వేస్తుంది. ఇళ్ళ కోసం ఇలాంటివి అమ్మకానికి వచ్చి పాతికేళ్ళు కావస్తోంది. 2001లో ఎలక్ట్రోలక్స్ ట్రైలోబైట్, 2002లో ఐరోబోట్ రూంబా వచ్చాయి. తొలి రూంబాలు గోడకు తగిలి, తిరిగి, ఎటు పడితే అటు వెళ్ళేవి. ఇప్పటివి ఇంటి మ్యాప్ గీసుకుని, పొలం దున్నినట్టు వరసగా చాళ్ళు వేసుకుంటూ పోతాయి.

గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలల్లో కాస్త దుమ్ము మిగులుతుంది. మెట్లు, వాకిలి, పెరడు, బూజు దాని పని కాదు. మా ఇంట్లో రోజూ రోబో తిరుగుతుంది, ఆదివారం నేను చీపురు పట్టి మూలలు చిమ్ముతాను. తప్పిందల్లా రోజూ నడుం వంచి మంచాల కింద కసువు లాగే పని. మా అత్తయ్యకు కావాల్సింది కూడా అదే.

మాది నల్ల గ్రానైట్ నేల. పనిచేస్తుందా?

మన జిల్లాలో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. నేను అడక్కుండా కొన్నాను.

చీమకుర్తి పక్కనే ఉండటం వల్ల ఒంగోలు చుట్టుపక్కల ఇళ్ళలో హాలంతా కాకపోయినా గడపకో, మెట్లకో, వంటింటి గట్టుకో గెలాక్సీ రాయి కనిపిస్తుంది. నల్లటి రాయిలో బంగారు రవ్వలు మెరుస్తుంటాయి. ప్రపంచమంతా కొనుక్కునే ఆ రాయి మనకు ఇంటి రాయి. చిక్కంతా ఆ నలుపుతోనే.

రోబో మెట్ల మీంచి పడిపోకుండా అడుగున నాలుగైదు చోట్ల సెన్సర్లుంటాయి. అవి మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నేల మీదికి పంపి, తిరిగొచ్చిన కాంతిని చూస్తాయి. కాంతి తిరిగి రాకపోతే 'ఇక్కడ నేల లేదు, మెట్టుంది' అని రోబో వెనక్కి తగ్గుతుంది. నల్లరాయి ఆ కాంతిని చాలావరకు మింగేస్తుంది. నున్నగా పాలిష్ పట్టి ఉంటే మిగిలిన కాస్తా అద్దం మీద పడ్డట్టు పక్కకు జారిపోతుంది. అందుకని కొన్ని మోడళ్ళు నల్లటి నేలను గొయ్యి అనుకుంటాయి. అన్నీ అలా చేయవు.

మా హాల్లో తెల్ల టైల్స్, చుట్టూ జానెడు వెడల్పు నల్ల బోర్డర్, గది గదికీ మధ్య వాకిట్లో నల్లరాతి పట్టీ ఉన్నాయి. మొదటి రోజు రోబో తెల్ల టైల్స్ మీద చక్కగా తిరిగింది. బెడ్‌రూమ్ వాకిలి దగ్గరికొచ్చి, మూతి నల్లపట్టీ మీద పెట్టగానే ఆగిపోయింది. వెనక్కి జరిగి, కొంచెం పక్కకు తిరిగి, మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. ఆ వాకిలి దగ్గరే ఏడెనిమిది సార్లు అలా చేసింది. మంచం మీంచి చూస్తున్న అత్తయ్య, "బావి గట్టు మీదికొచ్చిన దూడలాగా బెదురుతోందేమ్మా అది" అంది. నిజంగా అలాగే ఉంది.

మేం చేసిందేమిటంటే, ఆ పట్టీల మీద లేత రంగు పలచటి మ్యాట్ ముక్కలు కత్తిరించి, అంచులు లేవకుండా రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాం. మరుసటి రోజు నుంచి గదుల్లోకి వెళ్తోంది. గోడ వారనున్న నల్ల బోర్డర్ మీద మాత్రం ఇప్పటికీ అంచు వరకే వస్తుంది. అక్కడ ఆదివారం చీపురే.

ఆ సెన్సర్లకే తెల్ల కాగితమో టేపో అతికిస్తే సరిపోతుందని కొందరు చెప్తారు. అప్పుడు నల్లరాయి మీద తిరుగుతుంది, నిజమే. కానీ మెట్టును కూడా నేల అనుకుంటుంది. మిద్దె మీద, కిందికి దిగే మెట్లున్న అంతస్తులో ఆ పని చేయొద్దు. మూడు నాలుగు కిలోల మిషను మెట్ల మీంచి దొర్లితే అది విరగడం ఒక్కటే కాదు, కింద పసిపిల్లలుంటే ప్రమాదం.

నేలంతా నల్లరాయే అయితే, ఎవరింట్లోనైనా వాడుతున్న రోబోను ఒక్క పూట అడిగి తెచ్చి మీ హాల్లో తిప్పి చూడండి. అది కుదరకపోతే, వెనక్కి తీసుకునే గడువు ఎన్ని రోజులో కనుక్కుని, ఆ గడువులోపలే మీ నల్లరాయి మీద పరీక్ష పెట్టండి. మరీ ముఖ్యంగా, చక్కగా తిరిగిన రోబో ఉన్నట్టుండి ఆగడం మొదలుపెడితే ముందు అడుగున సెన్సర్లను పొడిగుడ్డతో తుడవండి. వాటి మీద దుమ్ము పేరుకున్నా అలాగే బెదురుతుంది.

గడప దాటుతుందా?

చాలా మోడళ్ళు సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఎక్కుతాయి. కొత్తగా వచ్చే ఖరీదైనవి ఇంకొంచెం ఎక్కువ ఎక్కుతాయి. మన పాత ఇళ్ళలో పసుపు రాసి బొట్లు పెట్టే చెక్క గడప ముందు అవేవీ చాలవు.

ఫ్లాట్లలో ఈ ఇబ్బంది తక్కువ. మా చెల్లెలి ఇంట్లో సింహద్వారానికి, దేవుడి గదికి మాత్రమే గడపలున్నాయి. రోబో ఆ రెండూ దాటాల్సిన పని లేదు. పాత ఇంట్లో అయితే స్కేలు తీసుకుని ప్రతి గడపా కొలవండి. దాటలేని గడపకు అటూ ఇటూ చెక్కతో వాలు పెట్టించమని కొందరు చెప్తారు. పెద్దవాళ్ళున్న ఇంట్లో అది నాకు నచ్చదు, చీకట్లో కాలు జారుతుంది. అంతకంటే రోబోను చేత్తో ఎత్తి పక్క గదిలో పెట్టడం మేలు.

కొనేటప్పుడు ఏం చూడాలి? ఎంతవుతుంది?

పదిహేను వేల చుట్టుపక్కల మొదలై లక్ష దాటినవి కూడా ఉన్నాయి. తక్కువ ధరవి దారి సరిగా గుర్తుంచుకోవు, చిమ్మిన చోటే మళ్ళీ చిమ్ముతాయి. పైన చిన్న గుండ్రటి బుడిపె ఉండి, లోపల లేజర్ తిరిగేవాటిని లైడార్ మోడళ్ళంటారు. ఇవి చీకట్లోనూ మ్యాప్ గీయగలవు, గదులను విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి. నా సలహా అయితే లైడార్ ఉన్నదే తీసుకోండి. ఆ బుడిపె వల్ల ఎత్తు కొంచెం పెరుగుతుంది కాబట్టి ముందే దివాన్, మంచం, బీరువా కింద సందు కొలవండి. రోబో ఎత్తు కంటే కనీసం ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండాలి. సరిగ్గా సమానంగా ఉంటే లోపలికి దూరి ఇరుక్కుంటుంది.

పీల్చే శక్తిని పాస్కల్స్‌లో రాస్తారు. టైల్స్, గ్రానైట్ నేలలకు మరీ పెద్ద అంకెలు అక్కర్లేదు, ఆ అంకెల పోటీ ఎక్కువగా తివాచీలున్న ఇళ్ళకు. దానికంటే బ్రష్షులు, ఫిల్టర్లు విడిగా దొరుకుతాయా, బ్యాటరీ మారుస్తారా అన్నది అడగండి.

ఇంకొకటి. చాలా రోబోలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతో మాత్రమే కలుస్తాయి. మీ రూటర్ 5 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే ఉంటే ఫోన్‌లోని రోబో యాప్ ఎంతసేపు వెతికినా దొరకదు. మిషను పాడని టెన్షన్ పడకండి, ముందు రూటర్ సెట్టింగ్ చూడండి. వైఫై లేకపోయినా పైనున్న బటన్ నొక్కితే చిమ్ముతుంది. మా అత్తయ్య యాప్ జోలికే వెళ్ళదు. ఆ బటన్ మీద ఎర్ర స్టిక్కరు బొట్టు అంటించాం, అదే నొక్కుతుంది.

ఇంట్లో వేసే ముగ్గు చెరిపేస్తుందా?

చెరిపేస్తుంది. పైగా పిండిని చక్రాలకు పూసుకుని ఇల్లంతా గీతలు గీస్తుంది. దేవుడి ముందు, తులసికోట దగ్గర, గడప పక్కన ముగ్గు వేసే చోట్లను యాప్‌లో 'వెళ్ళకూడని చోటు'గా గీసి పెట్టండి. యాప్ లేని మోడలైతే ముగ్గు వేయకముందే తిప్పేయాలి. సంక్రాంతి నెలలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. ముగ్గుపిండి చాలా మెత్తగా ఉండి ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది, కాబట్టి నేల మీద ఒలికిన ముగ్గును ముందు చేత్తో ఎత్తేయడమే మంచిది.

ఏ వేళకు పెట్టుకోవాలి? దీపాలు పెట్టాక చిమ్మకూడదంటారు కదా?

మా ఇంట్లోనూ అదే పట్టింపు. మా అత్తయ్యకు సాయంత్రం దీపం పెట్టాక ఇంట్లో చీపురు కదలకూడదు, రోబో అయినా సరే. ఎవరైనా ఊరికి బయల్దేరగానే వెంటనే చిమ్మకూడదని కూడా అంటుంది. యాప్‌లో ఒక సౌకర్యం ఉంది, మనం ఇల్లు దాటగానే దానంతట అదే మొదలుపెడుతుంది. నేను దాన్ని ఆపేశాను. ఉదయం తొమ్మిదిన్నరకు టైమర్ పెట్టాను. పిల్లలు, మేము వెళ్ళి అప్పటికి అరగంట దాటుతుంది, అత్తయ్య టిఫిన్ తిని మంచం మీద కూర్చుని ఉంటుంది. పెద్దవాళ్ళ మాటకు, మిషనుకు మధ్య తగువు పెట్టాల్సిన అవసరమే లేదు, టైమర్ ఒక్కటి మారిస్తే చాలు.

వేసవిలో వడగాలి కొట్టే రోజుల్లో మధ్యాహ్నం కిటికీలు తెరిచి ఉంటే దుమ్ము మళ్ళీ చేరుతుంది. ఆ రెండు నెలలు మాత్రం సాయంత్రం నాలుగింటికి రెండోసారి తిప్పుతాను.

జుట్టు చిక్కుకుంటే ఏం చేయాలి?

పొడుగు జడలున్న ఇంట్లో దీనికి వారానికి పది నిమిషాలు కేటాయించక తప్పదు. మా ఇంట్లో నలుగురం ఆడవాళ్ళం.

రోబోను వెల్లకిలా తిప్పి, పెద్ద బ్రష్ మీది పట్టీ తీసి, బ్రష్‌ను బయటికి లాగండి. చుట్టుకున్న జుట్టును కత్తెరతో నిలువునా ఒక్క గాటు పెట్టి లాగేస్తే పొరలాగా ఊడొస్తుంది. అక్కడితో ఆపేయొద్దు. బ్రష్ రెండు చివర్లా చిన్న టోపీల్లాంటివి ఉంటాయి. వాటిని ఊడదీస్తే లోపల ఇరుసు చుట్టూ జుట్టు ఉంగరంలా బిగిసి ఉంటుంది. అది తీయకపోతే బ్రష్ బిగుసుకుపోయి, మోటారు మీద భారం పడి, ఒక రోజు 'బ్రష్ ఇరుక్కుంది' అని ఆగిపోతుంది. ముందున్న చిన్న చక్రాన్ని కూడా గట్టిగా పైకి లాగితే ఊడొస్తుంది, దాని కింద గుంటలో మరో పిడికెడు ఉంటుంది.

జుట్టు కంటే మొండిది మల్లెపూల దారం. మొన్న వేసవిలో మా చక్రం కిర్రుమంటుంటే ఊడదీసి చూశాను. వాడి ఎండిన మల్లెలు రెండు, ఇరుసుకు ఇరవై చుట్లు తిరిగిన తెల్ల దారం కనిపించాయి. దారం బిగిసి ప్లాస్టిక్ మీద సన్నటి గాడి పడింది. జుట్టు తెగుతుంది, ఆ దారం తెగదు. బ్లేడుతో ఒక్కో పోగూ కోసి తీయాల్సి వచ్చింది. రాత్రి తల్లోంచి తీసిన పూలు మంచం పక్కన పడేయకుండా చెత్తబుట్టలో వేయమని పిల్లలకు అప్పట్నుంచి రోజూ చెప్తున్నాను. పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, ఛార్జర్ తీగలు, కుచ్చులున్న డోర్‌మ్యాట్లు, చీరతో కట్టిన ఉయ్యాల అంచు, ఇవన్నీ నేల మీంచి పైకెత్తాకే రోబోను తిప్పాలి.

వంటింట్లో తిప్పొచ్చా?

తిప్పొచ్చు, కానీ ఆవాలు ఒలికితే ముందు చేత్తో తీయండి. పక్క బ్రష్ గిర్రున తిరుగుతూ ఆవాలను, పెసలను లోపలికి తోసే బదులు ఈ మూల నుంచి ఆ మూలకు విసిరేస్తుంది. బియ్యం గింజలను బాగానే తీసుకుంటుంది.

చేపలు, రొయ్యలు బాగు చేసిన చోట అస్సలు వద్దు. మా చెల్లెలు ఒకసారి తెలియక తిప్పింది. రెండు రొయ్యల పొట్లు డబ్బాలోకి చేరి, నెల్లూరు ఉక్కకు మర్నాటికి రోబో నడిచిన ప్రతి గదీ నీచువాసన కొట్టింది. ఫిల్టర్ మార్చేదాకా ఆ వాసన పోలేదు. తడి ఏదైనా సరే, పాలు, సాంబారు, పసిపిల్లల ఉచ్చ, ముందు గుడ్డతో తుడవాలి. పీల్చే దారిలోకి తడి వెళ్తే మోటారు పాడవుతుంది.

డబ్బాలో బిస్కెట్ పొడి, పంచదార ఉంటే చీమలు పడతాయి. రోజూ ఖాళీ చేయండి.

తడిగుడ్డ పెట్టే రోబో కొంటే నీళ్ళలో ఫినాయిల్ కలపొచ్చా?

వద్దు. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్, ఏదీ ట్యాంకులో పోయకండి. లోపలి పంపు, రబ్బరు గొట్టాలు దెబ్బతింటాయి. కంపెనీవాళ్ళు ఫలానా ద్రవం పోయొచ్చని రాసి ఉంటే అదొక్కటే, అదీ వాళ్ళు చెప్పిన కొలతలో.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. మన వైపు బోరునీళ్ళు ఎలా ఉంటాయో కనిగిరి, పొదిలి, దర్శి వాళ్ళకు చెప్పక్కర్లేదు. బకెట్టుకు తెల్లగా పట్టే ఉప్పు పొరే ట్యాంకులోని సన్నటి రంధ్రాల్లోనూ పట్టి, కొన్ని వారాల్లో నీరు దిగడం మానేస్తుంది. నల్ల గ్రానైట్ మీద ఆరాక తెల్ల మరకలు కూడా కనిపిస్తాయి. చాలా ట్యాంకులకు ఒకటి రెండు గ్లాసులు చాలు కాబట్టి తాగే ఫిల్టరు నీళ్ళే పోయండి. పని అయ్యాక ట్యాంకు వంచేసి, గుడ్డ ఊడదీసి ఉతికి ఎండలో వేయండి. తడిగా ఛార్జింగ్ స్టాండులోనే వదిలేస్తే రెండో రోజుకు ముక్కిపోయిన వాసన వస్తుంది.

గుడ్డ మీద బరువు ఎక్కువ ఉండదు. ఎండిపోయిన పులుసు మరక, నూనె జిడ్డు దానికి పోవు. శుక్రవారం పసుపునీళ్ళతో తుడిచేది మేం చేత్తోనే తుడుస్తాం.

సముద్రపు ఇసుక, రాతి దుమ్ము, వాన బురద?

మైపాడుకో కొత్తపట్నానికో వెళ్ళొచ్చాక కాళ్ళు, చెప్పులు బయటే కడుక్కోండి. ఇసుకను రోబో పీలుస్తుంది, కానీ తడి ఇసుక చక్రాలకు పట్టి నున్నటి నేలను గీస్తుంది. ఆరాక ముందు చీపురుతో ఒక పట్టు పట్టి, ఆ తర్వాత రోబోను వదలండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అల్పపీడనాల కాలం, వాకిట్లోంచి బురద అడుగులు వస్తూనే ఉంటాయి. బురద ఆరేవరకు ఆగాలి.

చీమకుర్తి వైపు క్వారీలకు, కోత ఫ్యాక్టరీలకు దగ్గర్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. ఆ తెల్లటి దుమ్ము పిండి కంటే మెత్తగా ఉంటుంది. అది పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. డబ్బాను ఇంట్లో దులపొద్దు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బయట, గాలికి వీపు పెట్టి, కవర్లో నెమ్మదిగా వంచండి. ఫిల్టర్‌ను రెండు రోజులకోసారి తట్టండి, మామూలు ఇళ్ళకంటే ముందే మార్చండి. 'కడగొచ్చు' అని రాసి ఉన్న ఫిల్టర్‌నే కడగాలి, కడిగాక కనీసం ఒక రోజంతా నీడన ఆరాలి. తడి ఫిల్టర్ పెడితే మొత్తం మూసుకుపోతుంది.

ఉబ్బసం ఉన్నవాళ్ళకు మేలేనా?

పొడి చీపురుతో చిమ్మినప్పుడు దుమ్ము గాల్లోకి లేస్తుంది, మంచి ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ మేరకు మేలు. కానీ డబ్బా ఖాళీ చేసే పని ఉబ్బసం ఉన్నవాళ్ళు చేయకూడదు, వాళ్ళున్న గదిలో రోబో తిరగకుండా చూసుకుంటే మంచిది. పరుపులు, దిండ్లు, ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము దీనికి అందదు. మందులు ఆపడం గురించి ఆలోచించకండి, ఇది మందు కాదు.

కరెంటు బిల్లు పెరుగుతుందా? కరెంటు పోతే?

చాలా మోడళ్ళలో 14.4 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. 5200 మిల్లీ యాంపియర్ అవర్ల పెద్ద బ్యాటరీ అనుకున్నా, అది పట్టే కరెంటు సుమారు 75 వాట్ అవర్లు. ఛార్జింగ్‌లో పోయేది కలుపుకున్నా రోజూ ఖాళీ చేసి నింపితే నెలకు మూడు యూనిట్లు. స్టాండు రోజంతా ప్లగ్‌లో ఉంటే ఇంకో రెండు యూనిట్లు అనుకోండి. అంతకు మించదు.

మధ్యలో కరెంటు పోయినా చిమ్మడం ఆగదు, బ్యాటరీ మీద తిరుగుతుంది. కానీ స్టాండు పంపే సంకేతం ఉండదు కాబట్టి ఇంటికి చేరే దారి దొరక్క ఎక్కడో ఆగిపోతుంది. స్టాండును ఇన్వర్టర్ లైనులో పెడితే ఈ చిక్కుండదు. అయితే చెత్తను తనే పెద్ద సంచిలోకి లాక్కునే స్టాండయితే జాగ్రత్త. ఆ లాగే కొద్ది సెకన్లూ వెయ్యి వాట్ల దాకా తీసుకుంటుంది, చిన్న ఇన్వర్టర్ ట్రిప్పవుతుంది.

మ్యాప్‌లో ఇంట్లో లేని గది చూపిస్తోంది, ఎందుకు?

నేల దాకా ఉన్న నిలువుటద్దం చూడండి. లేజర్ అద్దంలో పడి తిరిగొచ్చేసరికి అవతల ఇంకో గది ఉందనుకుంటుంది. అద్దం అడుగున ఒక జానెడు ఎత్తు వరకు కాగితం అంటించి మళ్ళీ మ్యాప్ గీయించండి.

పెద్దవాళ్ళు, పాకే పిల్లలు ఉన్న ఇంట్లో?

నా అసలు భయం ఇక్కడే. పెద్దవాళ్ళు నడుస్తుంటే కాళ్ళ దగ్గరికొచ్చే వస్తువు ఏదైనా ప్రమాదమే. ఒకసారి మా అత్తయ్య చేతికర్ర దానికి తగిలి జారింది. నేను పక్కనే ఉండి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. అరవై దాటాక తుంటి ఎముక విరిగితే ఎంత కష్టమో మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. అప్పట్నుంచి ఒకటే నియమం: రోబో తిరిగేటప్పుడు అత్తయ్య మంచం మీదో కుర్చీలోనో కూర్చుని ఉంటుంది, అది స్టాండుకు చేరాకే లేస్తుంది. చెవుడు ఉన్నవాళ్ళయితే ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే తిప్పండి.

పాకే పిల్లలను, నేల మీద పడుకోబెట్టిన పసిపిల్లలను అదే గదిలో ఉంచి తిప్పకండి. జుట్టు, వేళ్ళు బ్రష్ దగ్గరికి పోయే అవకాశం ఉంది.

కెమెరా ఉన్నవి కొనొచ్చా?

నేనైతే కొనను. పరీక్షల కోసం ఇళ్ళలో పెట్టిన రోబోలు 2020లో తీసిన ఫోటోలు, బాత్రూములో ఉన్న ఒక మహిళ ఫోటోతో సహా, ఆన్‌లైన్ గ్రూపుల్లోకి చేరాయని 2022 డిసెంబరులో బయటపడింది. 2024లో అమెరికాలో కొన్ని ఇళ్ళలో హ్యాకర్లు రోబోలోకి చొరబడి దాని స్పీకర్ నుంచి బూతులు వినిపించారు. ఆడపిల్లలున్న ఇంట్లో లైడార్ మాత్రమే ఉన్నది చాలు. కెమెరాది ఇప్పటికే కొని ఉంటే, ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి, అప్‌డేట్లు వాయిదా వేయకండి, బెడ్‌రూముల్లోకి పంపకండి.

పనామెను మాన్పించొచ్చా?

ఆ ఆలోచనతో కొనొద్దు. మా ఇంట్లో పనిచేసే అక్కకు కూడా నడుం నొప్పే. చిమ్మే పని తగ్గాక జీతం తగ్గించలేదు. ఆ టైములో కిటికీలు, ఫ్యాన్లు, బాత్రూము గోడలు తుడుస్తుంది. ఇంతకుముందు నెలల తరబడి ఎవరూ ముట్టని పనులవి.

చెడిపోతే ఎవరు బాగు చేస్తారు?

కొనేముందే అడగండి. మన ఊళ్ళలో చాలా కంపెనీలకు సర్వీస్ సెంటర్ ఉండదు, పెద్ద నగరానికి పార్సిల్ పంపమంటారు. కాబట్టి మిషను వచ్చిన అట్టపెట్టె, థర్మాకోల్, బిల్లు పారేయకండి. మాకు రెండో నెలలో చక్రం మోటారు పోయింది. వారంటీ ఉన్నా అమ్మినవాళ్ళు పదిహేను రోజులు తిప్పారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక మిషను మార్చి ఇచ్చారు. బిల్లు ఫోటో, మోటారు చప్పుడు వీడియో దగ్గర పెట్టుకున్నందుకే పని తేలికైంది.

పక్క బ్రష్, ఫిల్టర్ మూడు నుంచి ఆరు నెలలకు, పెద్ద బ్రష్ ఏడాదికోసారి మార్చాల్సి వస్తుంది. బ్యాటరీ రెండు మూడేళ్ళకు బలం తగ్గుతుంది. ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఊళ్ళో అమ్మావాళ్ళది పాత ఇల్లు. వాళ్ళకు కొనివ్వాలా?

పొదిలి దగ్గర మా అమ్మ ఉండేది అలాంటి ఇల్లే. పోయిన దసరాకు స్కేలు పట్టుకుని వెళ్ళాను. నట్టింట్లో నాపరాళ్ళు, రాయికీ రాయికీ మధ్య వేలు దూరే సందులు, వంటింట్లో గచ్చు, మూడు గదులకూ మూడు గడపలు, ఒక్కొక్కటీ 8 సెంటీమీటర్ల పైనే. వసారా నుంచి పెరట్లోకి రెండు మెట్లు. కోడిపిల్లలు లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి. రోబో పెడితే ఒక్క నట్టింట్లోనే తిరగాలి, నాపరాళ్ళ సందుల్లోని మట్టి దానికి రాదు.

కొనలేదు. నిలబడి వాడుకునేలా పొడుగు కర్రకు కట్టిన కొండచీపురు ఒకటి, పొడుగు పిడి ఉన్న చెత్త చేట ఒకటి కొనిచ్చాను. మా అమ్మ కొంగు నడుముకు దోపుకుని, వంగకుండా వసారా అంతా చిమ్మి, "ఇది చాల్లే అమ్మా నాకు" అంది. మీ అమ్మావాళ్ళ ఇంట్లో గడపల ఎత్తు 2 సెంటీమీటర్ల లోపుంటే, నేల టైల్స్ అయితే, రోజూ డబ్బా ఖాళీ చేసే మనిషి పక్కనుంటే అప్పుడు రోబో గురించి ఆలోచించండి.